మా ఇంటాయన కాలి కట్టు

దయ్యాల మాట ఎవరన్నా ఎత్తితే అక్కడి నుంచి లేచి పోయేదాన్ని నేను. భయపడి కాదు, పని చెడుతుందని. ఎండాకాలం బీడీల తునికాకు కోతకు తెల్లవారకముందే అడవిలోకి పోయే ఆడదానికి దయ్యాలను నమ్మే తీరిక ఎక్కడిది? చెట్ల నడుమ తెల్లగా ఏదన్నా ఊగితే దగ్గరికి పోయి చూసేదాన్ని. సాలెగూడో, ఎవరో పారేసిన ప్లాస్టిక్ సంచో అయ్యేది. నా బతుకులో నన్ను భయపెట్టింది ఒక ఎలుగుబంటి, ఆ తర్వాత మా అత్త. అంతే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా బిడ్డ స్వప్న రాస్తోంది. "ఇది రాస్తే జనం నవ్వుతరే అమ్మా" అన్నది. నవ్వేవాళ్ళను నవ్వనీ. నేను విన్నది వేరు, ఇంకొకరు విన్నది వేరు. రెండూ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మాది ఇల్లందు పక్కన చిన్న బస్తీ. వెనక అడవి, ముందు ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టి గుట్టలు. మా ఇంటాయన ఒక కాంట్రాక్టరు దగ్గర షవల్ నడిపేవాడు. బొగ్గు తోడి లారీలో పోసే పెద్ద యంత్రం అది. మా పెళ్ళయిన కొన్నేళ్ళకు ఒక ఏజెంటు మాట విని ఇండోనేషియా పోయాడు. అక్కడా బొగ్గు పనే.

"అందరు దుబాయి పోతుంటె నువ్వు గా పేరు తెల్వని దేశం పోవుడేంది కొడుకా" అని మా అత్త ఏడ్చింది.

"ఆడ గూడ బొగ్గు నల్లగనే ఉంటదే అమ్మా" అన్నాడు ఆయన. అంతే, సంచీ భుజాన వేసుకున్నాడు.

కొన్నేళ్ళు అక్కడుండి తిరిగొచ్చాడు. అందరూ బంగారం తెస్తే మా ఇంటాయన వాళ్ళ భాష తెచ్చాడు, ఫోను మెమరీ కార్డు నిండా పాటలూ సినిమాలూ తెచ్చాడు. ఇంకో అలవాటు కూడా తెచ్చాడు. ఆ దేశంలో సిగరెట్లలో లవంగం కలుపుతారట. ఇక్కడ అవి దొరకవు కదా, అందుకని బీడీ కొస విప్పి, లవంగం నలిపి పోసి, మళ్ళీ చుట్టి తాగేవాడు. ఆయన వీధి మలుపు తిరగకముందే లవంగం వాసన ఇంటికొచ్చేది.

ఆ పాటల పేరు డంగ్‌డుట్. వాళ్ళ డప్పు 'డంగ్' అని లేచి 'డుట్' అని ఆగుతుంది కాబట్టి ఆ పేరట. పెళ్ళయితే చాలు, పెద్ద స్టేజీ వేసి, ఇంటి ఎత్తు స్పీకర్లు పెట్టి, మెరిసే బట్టలు కట్టుకున్న ఆడపిల్ల పాడుతుంటే ముసలీ ముతకా అందరూ ఆడతారట. మన పాత హిందీ సినిమా పాటలు విని విని కట్టుకున్న బాణీలట అవి. నాకూ అట్లాగే వినిపించేవి. తబలా మోత, మురళి. హిందీ పాట వస్తున్నదనుకుని చెవి పెడితే ఒక్క మాట అందేది కాదు.

అందులో ఒక పాట ఆయన నోట్లోనే ఉండేది. మొదటి షిఫ్టు దిగి, బస్సు దగ్గర నుంచి ఇంటి దాకా అదే పాడుకుంటూ వచ్చేవాడు. "దాని అర్థమేంది" అని అడిగితే ఒకనాడు, వానలో బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి పాట అన్నాడు. ఇంకోనాడు అడిగితే, మొగుడు తెచ్చిన చేప కుళ్ళిపోయిందని పెళ్ళాం తిట్టే పాట అన్నాడు. "మొన్న గట్ల చెప్పలే గద" అంటే, "ఆమె బస్సెక్కి ఇంటికొచ్చింది, ఇప్పుడు చేప సంగతి చూస్తున్నది" అన్నాడు. గట్లాంటి మనిషి.

వాళ్ళ సీరియళ్ళు కూడా మేం చూసేవాళ్ళం. చూసేది నేను, మాట్లాడేది ఆయన. ఫోను గోడకు ఆనించి, అత్తకు ఒక గొంతు, కోడలికి ఒక గొంతు పెట్టి తెలుగులో చెప్పేవాడు. వాకిట్లో ఆడవాళ్ళు చేరేవాళ్ళు. ఇండోనేషియా అత్త ఇల్లందు మాటలు తిట్టేది. "ఏందే కోడలా, పప్పుల ఉప్పు ఎవలేస్తరు, మీ అవ్వ వచ్చి ఏస్తదా" అని ఆమె అంటుంటే మేం కడుపులు పట్టుకునేవాళ్ళం. ఎవరో అడిగారు, వాళ్ళు పప్పు తింటారా అని. "తినకుంటె గంత కోపమెందుకొస్తది" అన్నాడు.

ఒకసారి భద్రాచలంలో రాముల వారి కల్యాణానికి పోయి లైన్లో నిలబడ్డాం. ఆ దేశంలో కూడా తోలుబొమ్మలతో రామాయణం ఆడతారనీ, ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ ఎక్కువమంది నమాజు చేసేవాళ్ళేననీ ముందున్న పెద్దాయనకు చెప్పాడు. పెద్దాయన నమ్మలేదు. "నేను సీతమ్మకు ఏడ్చినోళ్ళ పక్కన కూసున్న తాతా" అన్నాడు ఈయన. ఆ తర్వాత పెద్దాయన దర్శనం అయ్యేదాకా ఆయన్నే ప్రశ్నలు అడుగుతూ నడిచాడు.

ఇప్పుడు ఆ దయ్యం సినిమా సంగతి చెప్పాలి. అది చెప్పకుంటే మిగతాది అర్థం కాదు.

వాళ్ళ దగ్గర పొచొంగ్ అనే దయ్యం ఉంది. దాని మీద లెక్కలేనన్ని సినిమాలు తీశారట. చనిపోయిన మనిషిని తెల్లగుడ్డలో చుట్టి తల మీద, నడుము దగ్గర, మోకాళ్ళ దగ్గర, పాదాల దగ్గర ముళ్ళు వేస్తారు. గుంటలో దించాక ఆ ముళ్ళు విప్పాలి. విప్పడం మరిచిపోతే ఆ మనిషికి దారి దొరకదు. కాళ్ళు కలిసి ఉంటాయి కాబట్టి నడవలేక, రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తి గెంతుకుంటూ ఇంటికొస్తుంది.

నమ్మకపోయినా, ఆ సినిమా నడుస్తుంటే నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. ఆయన మాత్రం ఆ దయ్యం గొంతుతో మెల్లగా, అలిసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు. దయ్యం తలుపు ముందు నిలబడి పెళ్ళాన్ని, "తిన్నవా" అని అడిగిందట. తర్వాత, "గీ కట్టొకటి విప్పరాదే, పోత" అన్నదట. ఆమె విప్పలేదట. విప్పితే పోతాడు కదా, అందుకని ఆమె విప్పలేదట.

"మరి ఊరోళ్ళంత గట్ల ఉరుకుతున్నరేంది" అన్నాను.

"వాళ్ళకు తెల్వక. అది ఎవలనేం చేస్తది పాపం, కట్టు విప్పమనడానికే వస్తది. మనకు గూడ ఉన్నదే కదనే. బొటనవేళ్ళు కడతం, గుంటల దించినంక విప్పుతం. దేశం మారితే కట్టు మారదు."

"నీది విప్పుడు మర్చిపోరు తియ్యి" అని నేను ఎకసెక్కెం ఆడాను.

"మర్చిపోతే వస్త. వచ్చి తిన్నవా అని అడుగుత" అన్నాడు.

నవ్వుకున్నాం. అప్పటికి ఆయనకు ఏ జబ్బూ లేదు.

వానలు మొదలైన రోజుల్లో డ్యూటీలో ఉండగానే ఛాతీలో నొప్పి వచ్చింది. ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారు. నేను పోయేసరికే అయిపోయింది. దవాఖానా వాళ్ళు దవడ కిందుగా ఒక కట్టు, కాలి బొటనవేళ్ళు కలిపి ఒక కట్టు బ్యాండేజీ గుడ్డతో కట్టి, తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. వాళ్ళను నేనేమీ అనను.

ఇంటికి తెచ్చేసరికి పొద్దు వాలుతోంది, వాన పట్టుకుంది. తొందర తొందర అని అందరూ తొందరపెట్టారు. దవడ కట్టు మాత్రం తీసి మొహం కడిగారు. బస్తీలో ఒక పెద్దామె పసుపు దారంతో ఆయన బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టింది. మా ఆచారం అది. నేను ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను కానీ చూసింది ఏదీ గుర్తు లేదు.

మాలో పూడుస్తారు. దారి నడుమ దింపుడు కల్లం దగ్గర పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. పలికితే ప్రాణం ఉన్నట్టు. మా మరిది కొమరయ్య వంగి వాళ్ళన్న పేరు పిలిచాడు. పలకలేదు. ఆడవాళ్ళం అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. తిరిగాం. ఆ తర్వాత గుంట దగ్గర ఏం జరిగిందో నేను చూడలేదు.

పెద్దకర్మ అయింది. చుట్టాలు పోయారు. స్వప్న మణుగూరులో అత్తగారింటికి పోయింది. ఆయన ఫోను ఆయన పోయిన వారంలోనే పాడైంది. పాటల కార్డు తీసి స్వప్న తన దగ్గర పెట్టుకుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఒకరోజు పగలు, మొదటి షిఫ్టు బస్సు వచ్చిపోయే వేళ, నేను లోపల బియ్యం ఏరుతున్నాను. బయట వసారా బండల మీద 'ధబ్' మని చప్పుడు వినిపించింది. కాసేపు ఆగి మళ్ళీ 'ధబ్'. కోతి అనుకున్నాను. కర్ర పట్టుకుని బయటికొస్తే ఏమీ లేదు. గాలిలో లవంగం వాసన ఉంది.

మరునాడు మళ్ళీ. ఆ మరునాడూ అదే వేళకు.

నేను పిచ్చిదాన్ని కాదు, అన్నీ చూసుకున్నాను. గనిలో బ్లాస్టింగ్ అనుకుందామంటే దానికి ముందు సైరన్ మోగుతుంది, పేలినప్పుడు గిన్నెలు గలగలమంటాయి. ఇక్కడ సైరన్ లేదు, గిన్నె కదల్లేదు. పక్కింట్లో రోలు లేదు. ఒకరోజు బండల మీద పొయ్యి బూడిద చల్లి కూర్చున్నాను. చప్పుడు వచ్చింది, బూడిద మీద మరక పడలేదు. పడిందని చెప్తే మీకు బాగుంటుంది కానీ పడలేదు.

చప్పుడు గేటు దగ్గర మొదలయ్యేది. ఒక్కొక్కటే దగ్గరికొచ్చి గుమ్మం ముందు ఆగేది. లోపలికి రాలేదు ఎన్నడూ. కాసేపు లవంగం వాసన ఉండి పోయేది.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే పొద్దున లేచిన దగ్గర నుంచి ఆ వేళ కోసమే చూసేదాన్ని. పత్తి ఏరడానికి పిలిస్తే పోలేదు, పగటిపూట ఇంట్లో లేకుంటే ఎట్లా అని. కొంచెం ఎక్కువ వండేదాన్ని. గుమ్మం అవతల చప్పుడు ఆగగానే, "తిన్న" అని చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. అయినా చెప్పేదాన్ని.

మా పక్క గదిలో అప్పటికి రజియా కిరాయికి దిగింది. ఆమెది వరంగల్ వైపు. వాళ్ళాయన ఆటో నడుపుతాడు. ఆమె వసారాలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా వసారాకూ వాళ్ళ వసారాకూ నడుమ ఒక మనిషి ఎత్తు గోడ. రజియా మా ఇంటాయన పోయాకే వచ్చింది, ఆయన్ను చూడలేదు, గొంతు వినలేదు. "ఏమన్న సప్పుడైందా" అని రెండు మూడుసార్లు అడిగాను. "మిషన్ తొక్కుతుంటె నాకు ఉరుమైనా వినబడదక్కా" అన్నది. ఎందుకు అడిగానో నేను చెప్పలేదు.

దీపావళికి స్వప్న వచ్చింది. నన్ను చూసి ఏడ్చింది. "గిట్లయినవేందే. నాతోని మణుగూరు రా. గా కంపెనీ క్వార్టర్ల అందరుంటరు, ఒక్కదానివి ఉండవు" అన్నది. రానన్నాను. ఎందుకు రానో చెప్పలేదు. అది అలిగింది. అలిగి కూడా నన్ను నవ్వించాలని తన ఫోనులో వాళ్ళ నాన్న చెప్పిన సినిమా ఒకటి వెతికి పెట్టింది. ఇప్పుడు అవి తెలుగు మాటలతోనే వస్తున్నాయట.

అదే దయ్యం సినిమా. మొదటి నుంచి చివరి దాకా చూశాను. అందులో దయ్యం "తిన్నవా" అని అడగలేదు. అది పగ తీర్చుకోవడానికి వస్తుంది, చంపుతుంది. పెళ్ళాం ఊసే లేదు. నాకు చెప్పిన కథ అంతా మా ఇంటాయన సొంతంగా కట్టి చెప్పాడు. నేను భయపడుతున్నానని దయ్యం నోట్లో ఆ మాటలు పెట్టాడు.

"నాయినకు గీ భాష సగమే వచ్చినట్టున్నది" అని స్వప్న నవ్వింది. నేను నవ్వలేదు. సినిమాలో ఆ తెల్లగుడ్డ మనిషి గెంతుతూ వస్తుంటే వచ్చే చప్పుడు వింటున్నాను. రెండు కాళ్ళూ ఒకేసారి నేలకు తగిలే చప్పుడు. ధబ్. ఆగి, ధబ్.

అది నాకు తెలిసిన చప్పుడు.

మరునాడే కొమరయ్య ఇంటికి పోయాను. కొమరయ్య మంచివాడు. వాళ్ళన్న అంటే దేవుడు వాడికి. మంచం మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

"కొమరయ్యా, మీ అన్నను దించినంక కాలి కట్టు విప్పినవా?"

"విప్పిన వదినా. విప్పకుంట ఎట్ల ఉంట? పసుపు దారం గట్టిగున్నదని బ్లేడుతోని కోసిన. మొలతాడు గూడ తెంపిన. అట్లెందుకు అడుగుతున్నవ్?"

"దారం కాకుంట ఇంకోటేమన్న ఉండెనా?"

వాడు చెంబు పక్కన పెట్టాడు.

"తెల్ల బ్యాండేజీ ఉండె. దారం కింద. అది దవాఖానోళ్ళు కట్టిన కట్టు కద వదినా. దవాఖానా కట్టు మనం విప్పొద్దనుకున్న."

మా బస్తీలో అందరూ అట్లాగే అనుకుంటారు. గనిలో దెబ్బ తగిలితే దవాఖానా వాళ్ళు వేసిన కట్టును ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. మళ్ళీ వాళ్ళే విప్పాలి. మనం విప్పితే చీము పడుతుంది, వాళ్ళు తిడతారు. చిన్నప్పటి నుంచి విన్నమాట. కొమరయ్య ఆ మాటే పాటించాడు. మన కట్టు విప్పాడు, వాళ్ళ కట్టు ఉంచేశాడు. వానలో, మసక చీకట్లో, అన్న గుంటలో ఉండగా అంతకంటే ఎవరు ఆలోచిస్తారు?

నేను విన్న చప్పుడు సంగతి చెప్పాను. మొదటిసారి ఒకరికి చెప్పడం అదే. కొమరయ్య నవ్వలేదు. తల పట్టుకున్నాడు.

"తవ్వుదమా వదినా?"

"వద్దు" అన్నాను. నెలలు గడిచాయి. మట్టిలో కలిసే మనిషిని మళ్ళీ లేపుతామా?

"మరేం జేద్దం?"

ఏమీ చేయలేదు. ఇంటికొచ్చాను. ఆ వేళకు కూర్చున్నాను. చప్పుడు వచ్చింది. ఆయన చెప్పిన కథలో ఆ పెళ్ళాం కట్టు ఎందుకు విప్పలేదో అప్పుడు నాకు బాగా తెలిసింది. విప్పే దారి నాకు తెలియదు. తెలిసినా చేతులు వచ్చేవి కావు. వస్తున్నాడు కదా, గుమ్మం దాకానైనా వస్తున్నాడు కదా అనుకున్నాను.

చలి ముదిరింది. చప్పుడుకూ చప్పుడుకూ నడుమ ఆగడం ఎక్కువైంది. ఇదివరకు గేటు నుంచి గుమ్మానికి వచ్చే లోపల నేను చేతిలో పని ముగించేదాన్ని కాదు. ఇప్పుడు చాటెడు బియ్యం ఏరడం అయిపోయినా ఆయన గుమ్మం చేరడం లేదు. ఒకనాడు నడి వసారాలో ఆగిపోయాడు. ఎంతసేపటికీ తర్వాతి చప్పుడు రాలేదు. నేను లోపల నిలబడి, "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటున్నాను. పసిపిల్లవాడికి నడక నేర్పేటప్పుడు అన్నట్టు. చాలాసేపటికి వచ్చింది, చాలా మెల్లగా.

మా ఇంటాయన నడిచే మనిషి. బస్సు తప్పితే ఆ పాట పాడుకుంటూ అడవి దారిన నడిచే వచ్చేవాడు, ఒకరి బండి ఎక్కేవాడు కాదు. ఆ మనిషి ఇట్లా రావడం నేను సహించలేకపోయాను. నాకోసం ఆయన్ను రోజూ గెంతిస్తున్నానా అనిపించింది.

మెడికల్ షాపులో ఒక బ్యాండేజీ చుట్ట కొన్నాను. మరునాడు పగలు కొమరయ్యను పిలిచి, నన్ను వాళ్ళన్న దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఆడవాళ్ళు అక్కడికి పోరు మాలో. వాడు ఒకసారి నా మొహం చూసి చెప్పులేసుకున్నాడు. 

వాగు అవతల మోదుగు చెట్ల కింద ఆయన మట్టి దిబ్బ. గడ్డి మొలిచింది. కొమరయ్య దూరంగా అటు తిరిగి నిలబడ్డాడు. నేను కాళ్ళ వైపు కూర్చుని, నా కాళ్ళు ఆయన కాళ్ళ వైపు చాపాను. బ్యాండేజీతో నా బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టుకున్నాను. తునికాకు కట్టకు వేసే ముడి వేశాను. ఎంత గట్టిగా బిగించినా కొస పట్టి లాగితే ఒక్కసారికి విడిపోతుంది ఆ ముడి. చిన్నప్పటి నుంచి వేస్తున్న ముడి అది.

ఇది ఎవరూ చెప్పిన పద్ధతి కాదు. సినిమాలో లేదు, మా ఆచారంలో లేదు. ఆయన కాళ్ళు నాకు అందవు, నా కాళ్ళు అందుతాయి. అందుకే అట్లా చేశాను.

పెళ్ళయిన దగ్గర నుంచి ఆయన పేరు నేను నోటితో అనలేదు. దింపుడు కల్లం దగ్గర కూడా పిలిచింది కొమరయ్యే. అప్పుడు పిలిచాను.

"సమ్మయ్యా. నేను తిన్న. రోజు తింటున్న. దవాఖానోళ్ళ కట్టు ఇది, మనోళ్ళకు తెల్వలే. విప్పుతున్న. నువ్వు నడువు."

కొస లాగాను. ముడి విడిపోయింది.

ఏమీ కాలేదు. గాలి వీచలేదు, ఆకు కదల్లేదు. అవతల ఒక మేక అరిచింది. కొమరయ్య ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. బ్యాండేజీ అక్కడే మట్టిలో కప్పెట్టి, వాగులో స్నానం చేసి తడిబట్టలతో వచ్చాను. ఏదో చేసి వస్తున్నానన్న భావన కూడా నాకు లేదు. కాళ్ళు నొప్పులు, అంతే.

బస్తీలోకి వచ్చేసరికి మొదటి షిఫ్టు బస్సు వచ్చి పోయింది. రజియా తన వసారాలో మిషన్ ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"అక్కా, మీ ఇంటికి చుట్టమెవరో వచ్చి పోయిండు. నువ్వు లేవని చెప్పుదమని లేచేసరికే ఎల్లిపోయిండు."

"ఎవలు?"

"మొకం జూడలే. గోడ అడ్డం గద. సూది విరిగితే మిషన్ ఆపిన, అప్పుడు వినబడ్డది. మీ గుమ్మం కాడ జర్రసేపు ఉన్నట్టుండె. ఆయినంక నడుసుకుంట గేటు దిక్కు పోయిండు."

"నడుసుకుంటనా?"

"నడవకుంట ఎగురుకుంట పోతడా అక్కా?" అని రజియా నవ్వింది. "మంచిగ, జల్దీ జల్దీ నడిచిండు. ఒక అడుగెనక ఒక అడుగు. పాట గూడ పాడుకుంట పోయిండు."

 ఏం పాట అని అడిగాను.

"హిందీ లెక్కనే ఉన్నదక్కా, గని హిందీ కాదు. ఇంట్ల పుట్టినప్పటి సంది ఉర్దూనే మాట్లాడుతున్న, ఒక్క ముక్క సమజ్ కాలే నాకు. ఏడికెల్లి వచ్చిండు గాయన?"

మా వసారాలోకి పోయాను. లవంగం వాసన ఉందా అని చూశాను. నా బట్టల నుంచి వాగు నీళ్ళ వాసన, మట్టి వాసన తప్ప ఇంకేదీ రాలేదు.

రజియాకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. ఆ పాట ఆమెకు తెలిసే దారీ లేదు. కార్డు మణుగూరులో స్వప్న పెట్టెలో ఉంది, ఆ రోజూ అక్కడే ఉందని స్వప్న ఇప్పుడు రాస్తూ కూడా చెప్తోంది. ఎవరో దారిన పోయేవాడు ఫోనులో పాట పెట్టుకుని పోయాడని కొమరయ్య భార్య అన్నది. పోయి ఉండవచ్చు. మా ఇల్లు వీధి చివర, మా గేటు దాటితే అడవి. అటు ఎవరు పోతారు, మా గుమ్మం ముందు ఎందుకు ఆగుతారు, అది ఆమె చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేను.

ఆ తర్వాత చప్పుడు రాలేదు. కొన్నాళ్ళు ఆ వేళకు కూర్చునే ఉన్నాను. తర్వాత పత్తికి పోయాను. సంక్రాంతి దాటాక స్వప్న దగ్గరికి పోయి కొన్నాళ్ళు ఉండి వచ్చాను.

నాలో ఒక కొరత మిగిలింది. ఇన్ని నెలలు గెంతుకుంటూ వస్తే విన్నదాన్ని, ఆయన నడిచిపోయిన ఆ ఒక్కరోజు నేను ఇంట్లో లేను. నేను అక్కడ ముడి విప్పుతుంటే ఆయన ఇక్కడ గుమ్మం ముందున్నాడేమో.

రజియాను ఒకసారి అడిగాను, ఆ పాట ఎట్లుండెనో జర అనమని. మాటలు రావన్నది. నోరు మూసుకుని రాగం తీసింది. అదే పాట. సందేహం లేదు.

"దీని మతలబ్ ఏందక్కా?" అని అడిగింది.

వానలో బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి పాట అని చెప్పాను.